ఉతికితే గాని తెలియని అచ్చు

బట్టల కొట్లో మన ఆడవాళ్ళు చీర బేరం చేసే తీరు ఎప్పుడైనా నిదానంగా గమనించారా? ధర అడగడం తరువాతి మాట. ముందు చెంగు చేతిలోకి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతారు. వెలుతురు కేసి పట్టి నేత చూస్తారు. దుకాణదారు అటు తిరగగానే చేతిరుమాలు కొస తడిపి, అంచు మీద ఒక్క రుద్దు రుద్ది, రంగు అంటిందేమో చూసుకుంటారు. "రంగు గ్యారంటీ అమ్మా!" అని ఆయన ఎంత మొత్తుకున్నా, ఆ ఒక్క రుద్దుకున్న విలువ ఆయన మాటకి లేదు.

ఇప్పుడు ఆ చెయ్యి ఆడించడానికి వీలు లేని బేరాలు వచ్చి పడ్డాయి. టీ షర్టు మీద మన పేరో, పిల్లవాడి బొమ్మో, కాలేజీ నాటి ఏదో హాస్యపు మాటో అచ్చు వేయించి ఇంటికి పంపుతామంటారు. ఫోనులో బొమ్మ చూస్తాం, కొలత చెప్తాం, డబ్బు కడతాం. నాలుగైదు రోజుల్లో పొట్లం వస్తుంది. అది విప్పి చూసేదాకా గుడ్డ మందమెంతో, అచ్చు నిలుస్తుందో వూడుతుందో కొన్నవాడికి తెలియదు.

కొన్నవాడికి తెలియకపోవడంలో వింత లేదు. అమ్మినవాడికి కూడా తెలియకపోవడమే ఇందులో వింత!

ఈ వ్యాపారం నడిచే తీరు తెలిస్తే ఆ సంగతి బోధపడుతుంది. విజయవాడలోనో, వరంగల్లోనో ఒక ఇల్లాలు వున్నదనుకోండి. చేతిలో కాస్త చిత్రకళ వుంది, మధ్యాహ్నం పూట కాస్త తీరిక వుంది. ఫోనులో ఒక దుకాణం తెరిచింది. బొమ్మలు తను గీస్తుంది. ఆర్డరు రాగానే దాన్ని అచ్చు వేసే కంపెనీకి పంపుతుంది. ఆ కంపెనీ తిరుప్పూరులో వుండవచ్చు, ముంబయిలో వుండవచ్చు. వాళ్ళే చొక్కా తీసి, అచ్చు వేసి, సంచిలో పెట్టి, ఈవిడ దుకాణం పేరు అంటించి, తిన్నగా కొన్నవారి ఇంటికి పంపేస్తారు. సరుకు నిలవ పెట్టుకోనక్కర లేదు, పెట్టుబడి లేదు, అద్దె లేదు. మధ్యతరగతి ఇంటికి ఇంతకన్న ఏం కావాలి? కాని తన పేరు మీద అమ్ముడైన చొక్కాను ఆవిడ ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. పేరు ఆవిడది, పని ఇంకొకరిది. మాట పడవలసి వచ్చినప్పుడు మాత్రం ఆవిడే పడాలి.

పైగా మామూలు చొక్కాకీ దీనికీ ఒక పెద్ద తేడా వుంది. మామూలు చొక్కా నచ్చక తిరిగి వస్తే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. "మా తాతయ్యకి 80 ఏళ్ళు" అని అచ్చు వేసి, కింద తాతగారి పేరూ తారీఖూ కొట్టిన చొక్కా తిరిగి వస్తే ఎవరికి అమ్ముతారు? గిన్నెలు తుడుచుకోవడానికి తప్ప పనికిరాదు.

లెక్క వేసి చూద్దాం. అచ్చుతో సహా చొక్కా 260 రూపాయలు పడిందనుకోండి. కొరియరుకి 70. అమ్మిన ధర 450. మిగిలేది 120. ఇప్పుడు అచ్చు చెడిపోయిందని కొన్నవారు తిప్పి పంపారు. తిప్పి తెప్పించుకోవడానికి 70, మళ్ళీ కొత్త చొక్కాకి 260, మళ్ళీ పంపడానికి 70. మొత్తం ఖర్చు 730 తేలింది. వచ్చింది 450. అంటే 280 రూపాయలు నష్టం. మరి రెండు చొక్కాలు అమ్మినా ఆ గుంట పూడదు, మూడోది కూడా అమ్ముడుపోవాలి. ఈ అంకెలు ఉదాహరణకి వేసినవే. ఎవరి అంకెలు వారు వేసుకున్నా తేలే సంగతి మాత్రం ఇదే.

బనీను చొక్కా అయిన కథ

ఇంతకీ ఈ టీ షర్టు మొదట్లో పైకి కనబడే బట్టే కాదు. అమెరికా నౌకాదళం వారు 1913 ప్రాంతంలో నావికులకి యూనిఫారం లోపల తొడుక్కోవడానికి ఇచ్చిన బనీను ఇది. 1951లో "ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్" అనే సినిమాలో మార్లన్ బ్రాండో అదే బనీనుతో తెరమీద తిరిగేసరికి కుర్రకారుకి మోజు పుట్టింది. దానిమీద అచ్చు వేయడం అంతకు ముందే మొదలయింది. 1948లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన థామస్ డ్యూయీ పేరు అచ్చు వేసిన బనీన్లు ప్రచారానికి వాడారు. చొక్కాల మాట ఎలా వున్నా, ఎన్నికల్లో ఆయన ట్రూమన్ చేతిలో ఓడిపోయాడు.

అచ్చుల్లో నాలుగు జాతులు

అచ్చు మంచిదా చెడ్డదా అని తేల్చాలంటే ముందు అది ఏ జాతి అచ్చో తెలియాలి. వేపాకునీ కరివేపాకునీ ఒకే రుచితో బేరీజు వేయలేం కదా!

అన్నిటికన్నా పెద్దది స్క్రీన్ ప్రింటింగు. పెళ్ళి శుభలేఖల పుణ్యమా అని ఈ పేరు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇంగ్లండులోని మాంచెస్టరులో సామ్యూల్ సైమన్ అనే ఆయన 1907లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. చట్రానికి సన్నని వల లాంటి గుడ్డ బిగించి, అక్కరలేని చోట కన్నాలు పూడ్చి, రబ్బరు పలకతో సిరా లాగితే, తెరచి వున్న చోటనే చొక్కా మీదికి దిగుతుంది. ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క చట్రం కావాలి. అంచేత ఒకటీ అరా చొక్కాలకి ఇది గిట్టదు. ఒకే బొమ్మతో వంద చొక్కాలకైతే దీన్ని మించినది లేదు. ఇందులో ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ అనే సిరాకి ఒక గుణం వుంది. అది గాలికి ఆరదు. ఎన్నాళ్ళు వుంచినా తడిగానే వుంటుంది. దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే గట్టిపడి గుడ్డని పట్టుకుంటుంది. పని తొందరలో ఆ వేడి చాలకపోతే, పైపొర మాత్రం గట్టిపడి లోపల పచ్చిగా వుండిపోతుంది. అట్టు మీద కాలి లోపల పిండి పచ్చిగా వున్నట్టన్న మాట. చూపుకి దివ్యంగా వుంటుంది. రెండో వుతుకులో బీటలు వారుతుంది.

రెండోది, కాగితం మీద అచ్చు వేసే ఇంకుజెట్ యంత్రం లాంటిదే, తిన్నగా గుడ్డ మీద వేసేది. డీటీజీ అంటారు. ఫోటోల లాంటి బొమ్మలకి బాగుంటుంది. నూలు గుడ్డ మీద బాగా పడుతుంది. నల్లచొక్కా మీద వేయాలంటే ముందు ఒక మందు నీళ్ళు చల్లి ఆరబెట్టి, తెల్లసిరా పొర ఒకటి వేసి, దానిమీద రంగులు వేయాలి. ఆ మందు సమంగా పడకపోతే తెలుపు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కొత్తచొక్కాకి అచ్చు చుట్టూ లేత చార, కాస్త పుల్లని వాసన వుంటే కంగారు పడనక్కర లేదు. అది ఆ మందుదే. మొదటి వుతుకుతో సాధారణంగా పోతుంది. ఆ ముక్క కొన్నవారికి ముందే ఒక చీటీ మీద రాసి పంపకపోతే మాత్రం, వాడేసిన చొక్కా పంపారని తగాదాకి వస్తారు.

మూడోది ఈమధ్య చిన్న వూళ్ళలో కూడా దుకాణాలు వెలసిన డీటీఎఫ్. బొమ్మని ముందు ప్లాస్టిక్ ఫిల్ము మీద అచ్చు వేసి, దానిమీద జిగురుపొడి చల్లి, కరిగించి, చొక్కా మీద పెట్టి వేడి యంత్రంతో నొక్కి, ఫిల్ము వూడదీస్తారు. నూలయినా పాలియెస్టరయినా దీనికి ఒకటే. ఒక్క చొక్కా కావాలన్నా వేస్తారు. ధర తక్కువ, రంగు ఘాటు. చేతికి మాత్రం చొక్కాకి అట్ట అంటించినట్టు తగులుతుంది. ఛాతీ నిండా పెద్ద బొమ్మ వేస్తే మన ఎండల్లో ఆ మేరకు గాలి ఆడదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, మే నెలలో ఒక పూట తొడుక్కున్న వాళ్ళెవరినైనా అడగండి.

నాలుగోది సబ్లిమేషన్. ఇందులో రంగు వేడికి ఆవిరై దారం లోపలికే ఇంకిపోతుంది. పైన పొర అంటూ వుండదు కాబట్టి బీటలు వారడం, వూడడం అనే మాట లేదు. కాని ఇది పాలియెస్టరు మీదనే పనిచేస్తుంది, నూలు మీద నిలవదు. తెల్లరంగు వేయలేదు గనక ముదురు చొక్కాలకి పనికిరాదు. క్రికెట్టు ఆటగాళ్ళ రంగు రంగుల చొక్కాలు చాలావరకు ఈ బాపతువే.

ఎవరైనా మీకు "నూలు చొక్కా మీద సబ్లిమేషన్ చేసిస్తాం" అంటే, అయితే ఆ చొక్కా పూర్తి నూలు కాదు, లేకపోతే ఆ అచ్చు నాలుగు వుతుకులు ఆగదు. నూలో కాదో తేల్చుకోవడం తేలిక. లోపలి మడతనుంచి ఒక దారం లాగి, స్టౌ దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరైతే ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూస కడుతుంది.

చేత్తో చేసే పరీక్షలు

నమూనా చొక్కా చేతికి వచ్చింది. ఏం చూడాలి?

మొదట తొందరపడి నీళ్ళలో వేయకండి. అచ్చు వేసి ఒక్కరోజైనా గడవనివ్వాలి. ఈలోగా కంటితో చూడవలసినవి చూడవచ్చు. చొక్కాని నిలువునా సగానికి మడిచి బొమ్మ నడుమ వుందో ఒక పక్కకి జరిగిందో చూడండి. మెడపట్టీకి బొమ్మ మరీ దగ్గరగా వుంటే తొడుక్కున్నప్పుడు గొంతులోకి ఎక్కినట్టుంటుంది, మరీ కిందికి వుంటే పొట్టమీద కూర్చుంటుంది. మెడపట్టీ కింద మూడంగుళాల దగ్గర మొదలైతే సామాన్యంగా బాగుంటుంది. చిన్న కొలత చొక్కాకీ మహాకాయుల చొక్కాకీ ఒకే పరిమాణంలో బొమ్మ వేసే అలవాటు కొన్నిచోట్ల వుంది. అదీ కనిపెట్టాలి.

తరువాత అచ్చుని రెండు చేతులా పట్టుకుని కాస్త లాగి వదలండి. మంచి అచ్చు గుడ్డతో పాటు సాగి, గుడ్డతో పాటు ముడుచుకుంటుంది. పచ్చి అచ్చు లాగినచోట పగుళ్ళు తేలి, వదిలినా అలాగే వుంటుంది. డీటీఎఫ్ అయితే గోటితో అంచు ఒక మూల మెల్లగా గీకి చూడండి. జిగురు పట్టని చోట కొస లేస్తుంది.

ఇక మన ఆడవాళ్ళ రుమాలు పరీక్ష. దీన్ని చూసి నవ్వేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటి వుంది. ఐఎస్‌ఓ 105లో ఎక్స్ 12 అనే భాగం సరిగ్గా ఈ రుమాలు పరీక్షే. కాకపోతే చేతికి బదులు క్రాక్‌మీటర్ అనే చిన్న యంత్రం. దాని వేలికి తెల్లని నూలుగుడ్డ తొడిగి, కిలోకి కాస్త తక్కువ బరువుతో, రంగు మీద పదిసార్లు ముందుకీ వెనక్కీ రుద్దుతారు. ఒకసారి పొడిగా, ఒకసారి తడిగా. ఆ తెల్లగుడ్డకి అంటిన మరకని బూడిదరంగు పట్టీతో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 5 వస్తే రంగు అంటనట్టు. 1 వస్తే ఆ చొక్కా వేసుకుని తెల్లసోఫాలో కూర్చోకూడదన్నట్టు. ఇంటి దగ్గర క్రాక్‌మీటర్ అక్కర లేదు. తెల్లగుడ్డ చూపుడువేలికి చుట్టి, ప్రతి నమూనానీ ఒకే వత్తిడితో పదిసార్లు రుద్ది, ఆ గుడ్డముక్కలు తారీఖు వేసి దాచుకుంటే చాలు. ఈ నెల ముక్కనీ పోయిన నెల ముక్కనీ పక్కపక్కన పెడితే అచ్చువాడు సిరా మార్చాడేమో అవే చెప్తాయి.

ఆ తరువాతే వుతుకు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, నమూనాని మురిపెంగా వుతకడం. చన్నీళ్ళలో ముంచి, తిరగేసి, నీడని ఆరేసి "బ్రహ్మాండంగా వుంది" అనుకుంటారు. కొన్నవాళ్ళ ఇంట్లో అలా వుతుకుతారా? పనిమనిషి బకెట్లో సబ్బుపొడి పోసి, జీన్సు పంట్లాముతో కలిపి నానేసి, బండకేసి బాది, మిట్టమధ్యాహ్నపు ఎండలో డాబామీద పడేస్తుంది. అంచేత నమూనాలు రెండు తెప్పించుకోండి. ఒకటి చెప్పిన ప్రకారం వుతకండి. ఇంకోటి లోకం వుతికే ప్రకారం వుతకండి. అయిదేసిసార్లు. మొదటిది చెడితే ఆ అచ్చువాడికి దణ్ణం పెట్టి వచ్చేయవచ్చు. రెండోది మాత్రమే చెడితే, ఎలా వుతకాలో, అచ్చు మీద ఇస్త్రీ పెట్టె ఎందుకు పెట్టకూడదో పెద్ద అక్షరాలతో రాసి చొక్కాతో పంపాలన్న మాట.

వుతికే ముందు ఇంకో పని చేయాలి. చొక్కా మీద చెరగని కలంతో నిలువునా 50 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు, అడ్డంగా అలాగే కొలిచి రెండు చుక్కలు పెట్టండి. వుతికి ఆరాక మళ్ళీ కొలవండి. నిలువున ఆ 50 కాస్తా 47.5 అయితే నూటికి అయిదు వంతులు కుంచించినట్టు. అల్లికగుడ్డ, అందులోనూ నూలు, ఎంతో కొంత కుంచించడం సహజం. కాని గుడ్డ కుంచించి అచ్చు కుంచించకపోతే బొమ్మ ముడతలు పడుతుంది. అప్పుడు అందరూ అచ్చునే తిడతారు. తప్పు అచ్చుది కాదు, గుడ్డది! పక్క కుట్టు వుతికాక వంకర తిరిగి పొట్టమీదికి నడిచి వచ్చినా అంతే, అది అల్లికలోని మెలి.

గుడ్డ మందాన్ని జీఎస్‌ఎమ్ అనే లెక్కతో చెప్తారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అది. ఇందులో మోసం వుందేమోనని అనుమానం వస్తే, వుతికి పాడుచేసిన నమూనా ఎలాగూ చేతిలో వుంది కదా, అచ్చు లేని చోట 10 సెంటీమీటర్ల పొడుగు 10 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించండి. అది చదరపు మీటరులో నూరో వంతు. దాని బరువుని 100తో హెచ్చవేస్తే జీఎస్‌ఎమ్ వస్తుంది. 180 అని చెప్పిన గుడ్డ ముక్క 1.8 గ్రాములు తూగాలి. వంటింటి త్రాసు దీనికి చాలదు. తెలిసిన బంగారం కొట్టుకి వెళ్ళి తూయించండి. షావుకారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఎర్రచొక్కా మీద తెల్లబొమ్మ

అన్ని పరీక్షలూ నెగ్గి తరువాత మోసం చేసేది ఒకటుంది. ఎర్రని పాలియెస్టరు చొక్కా మీద తెల్లక్షరాలు వేస్తారు. యంత్రం నుంచి దిగినప్పుడు పాలలా వుంటాయి. పొట్లం కట్టి పంపుతారు. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో అవి మెల్లగా గులాబీరంగుకి తిరుగుతాయి. కొన్నవారు రంగు పోయిందంటారు, అచ్చువాడు మా దగ్గర తెల్లగానే వుందని ఒట్టు వేస్తాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పాలియెస్టరుకి వేసే రంగు, వేడి తగిలితే ఆవిరై పైకి లేస్తుంది. అచ్చు వేసేటప్పటి వేడికి అది లేచి తెల్లసిరాలోకి మెల్లగా పాకుతుంది. దీన్ని ఆపడానికి వేరే అడుగుసిరాలున్నాయి, తక్కువ వేడికి గట్టిపడే సిరాలున్నాయి. అవి వాడారా లేదా అని అడగాలి. అడిగినా నమ్మకుండా, ఎరుపు, మెరూన్ పాలియెస్టరు చొక్కాల నమూనాని మాత్రం కొన్నాళ్ళు అలమారులో పెట్టి చూసి గాని అమ్మకానికి పెట్టకూడదు.

పాప వావ అయితే

తెలుగు అక్షరాలు అచ్చు వేయించేవారికి వేరే బెడద వుంది. ఆ అచ్చు వేసే మనిషికి తెలుగు రాకపోవచ్చు. ఇంగ్లీషులో అక్షరం తలకిందులైతే ఎవరైనా పట్టుకుంటారు. "పెళ్ళికొడుకు"లో ళ వొత్తు విడిపోయి పక్కన కూర్చుంటే తిరుప్పూరు పనివాడికి ఏం తెలుస్తుంది? అతనికి అదీ ఇదీ ఒక ముగ్గే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మనం కంప్యూటరులో రాసిన అక్షరాలు, అదే ఫాంటు లేని ఇంకో కంప్యూటరులో తెరిస్తే వేరే రూపం తాల్చవచ్చు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరుల్లో కొన్నిటికి భారతీయ లిపుల కోసం ప్రత్యేకంగా ఒక మీట మార్చకపోతే వొత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. దీనికి మందు ఒక్కటే. రాత పూర్తయాక అక్షరాలని గీతలుగా, అంటే బొమ్మగా మార్చి పంపడం. ఆ తరువాత అవి ఎక్కడ తెరిచినా కదలవు. కాని మార్చాక అక్షరదోషం దిద్దడానికి వీలుండదు కాబట్టి, మార్చే ముందు ఇంట్లో తెలుగు బాగా వచ్చిన వారి చేత గట్టిగా చదివించాలి. పెద్దవాళ్ళ కళ్ళజోడుకి పని తగిలేది ఇక్కడే.

సిరా వొలకడంతో వచ్చే తమాషాలు కూడా మన లిపికే ప్రత్యేకం. 'ప'కీ 'వ'కీ తేడా అల్లా తలకట్టు విడిగా వుండడం, కలిసి వుండడం. అక్షరం చిన్నదై సిరా చిక్కనైతే ఆ సందు పూడుకుపోతుంది. "మా పాప" కాస్తా "మా వావ" అవుతుంది. 'థ' పొట్టలో చుక్క కలిసిపోతే "కథ" "కధ" అయి కూర్చుంటుంది. అయితే సగం ఆంధ్రదేశం కథని ఎలాగూ అలాగే రాస్తున్నది గనక దానికి ఎవరూ తిప్పి పంపకపోవచ్చు! ఏమైనా చొక్కా మీద తెలుగుకి లావుపాటి గీతలూ, లోపల విశాలమైన సందులూ వున్న అక్షరాలే ఎంచుకోవాలి. సన్నని నాజూకు అక్షరాలు శుభలేఖలకి బాగుంటాయి.

ఫోటోల సంగతి. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. 12 అంగుళాల వెడల్పు బొమ్మ వేయాలంటే అడ్డంగా 3600 చుక్కలున్న ఫోటో కావాలి. కొనేవారు వాట్సాప్‌లో పంపిన ఫోటోకి సాధారణంగా అంత సత్తా వుండదు. దారిలోనే అది చిక్కిపోతుంది. అదే ఫోటోని డాక్యుమెంటుగా పంపమని అడిగితే చిక్కకుండా వస్తుంది. ఎవరి చేతనో ఎవరికో పదిసార్లు చేతులు మారిన తాతగారి ఫోటో పంపితే మాత్రం, అది అచ్చులో ఎలా వుంటుందో ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఫోనులో అరచేతి మేర కనబడినప్పుడు బాగున్న ముఖం ఛాతీ మేర అయ్యేసరికి గళ్ళు గళ్ళుగా విడిపోతుంది.

రంగు కూడా అంతే. ఫోను తెర దీపంలా వెలుగుతుంది, సిరా వెలగదు. తెరమీద మెరిసిపోయే చిలకపచ్చ, నీలం గుడ్డమీద నీరసపడతాయి. అందుకని దుకాణంలో కంప్యూటరు తయారు చేసిన చొక్కాబొమ్మ పెట్టి అమ్మడం కన్న, వుతికిన నమూనాని పగటి వెలుతురులో కిటికీ దగ్గర ఫోటో తీసి అదే పెట్టడం మేలు. కాస్త అందం తగ్గవచ్చు. తిరుగుటపాలు అంతకన్న ఎక్కువే తగ్గుతాయి.

ఈ గొడవంతా చూస్తే మచిలీపట్నం దగ్గర పెడన అద్దకంవారు గుర్తుకొస్తారు. వారు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు, రంగు పాకకుండా. పటిక కలిపి అద్దుతారు, రంగు పట్టడానికి. ఆపైన పారే నీళ్ళలో జాడిస్తారు. పోయే రంగేదో వారి ఎదుటే కాలవలో పోతుంది. కొన్నవారి బకెట్లో కాదు.

ఎన్ని చూడాలి, ఎవరు చూడాలి

ఒకే బొమ్మతో ఎక్కువ చొక్కాలు వేయించినప్పుడు అన్నీ విప్పి చూడడం కుదరదు. దీనికి ఐఎస్‌ఓ 2859 అనే పట్టికలున్నాయి. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యం సరుకు పరీక్షించడానికి పుట్టిన పద్ధతి ఇది. దాని మామూలు లెక్క ప్రకారం 51 నుంచి 90 దాకా వున్న సరుకులో 13, 91 నుంచి 150 దాకా అయితే 20, 281 నుంచి 500 దాకా అయితే 50 తీసి చూస్తారు. పై వరసవి కాకుండా కట్ట మధ్యనుంచి, అడుగునుంచి తీయాలన్నది మాత్రం ఏ పట్టికా చెప్పనక్కర లేదు. మామిడిపళ్ళ బుట్ట కొన్న ప్రతివారికీ తెలుసు.

కాని ఒక్కొక్క చొక్కా మీద ఒక్కొక్క పేరు వుంటే ఈ పట్టిక పనికిరాదు. పూర్వవిద్యార్థుల సమావేశానికి 60 చొక్కాలు, 60 పేర్లు అనుకోండి. పదమూడు చూసి తక్కినవి సరే అనుకుంటే, పద్నాలుగోవాడి పేరు తప్పుపడిందని తెలిసేది సమావేశం నాడే. మళ్ళీ వేయించడానికి ఆ రోజు తిరిగి రాదు. ఇలాంటివి అచ్చుకి ముందు ఒకసారి జాబితాతో, అచ్చు తరువాత ఒకసారి చొక్కాతో, ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతూ ఒకరు చూస్తూ సరిచూడవలసిందే. అందుకు రెండు రోజులు వ్యవధి వుంచుకుని గాని తారీఖు ఒప్పుకోకూడదు.

అచ్చువాడే తిన్నగా పంపే పద్ధతిలో మనకి చూసే వీలే లేదు కదా అంటారా? వుంది. రెండు మూడు వారాలకోసారి మీ దుకాణంలోనే, వేరే వూళ్ళో వున్న మేనత్తగారి పేరనో, బావగారి పేరనో మామూలు ఆర్డరు ఒకటి పెట్టి పూర్తి ధర కట్టండి. నమూనా కావాలని అడిగితే జాగ్రత్తగా చేసి పంపుతారు. మామూలు ఆర్డరుకి ఎలా చేస్తారో అప్పుడే బయటపడుతుంది. మేనత్తగారు మొహమాటపడకుండా వున్నది వున్నట్టు చెప్పే మనిషి అయివుండాలి సుమా.

చట్టం సంగతి కూడా ఒక మాట. "అచ్చు వేసిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అమ్మకందార్ల భ్రమ. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో వున్నా, ప్రకటించిన గుణాలు లేకపోయినా అమ్మినవాడు వాపసు తీసుకోననడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కొన్నవారు 1915 నంబరుకి ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి చెప్పుకోవచ్చు. కొన్నవారు కొలత తప్పు చెప్పినా, పేరు తప్పుగా రాసి పంపినా అది వేరే సంగతి. అందుకే అచ్చుకి ముందు బొమ్మ చూపించి "సరే" అన్న మాట రాతలో తీసుకోవడం ఇద్దరికీ క్షేమం.

ప్రతి విడతలోనూ ఒక చొక్కా అమ్మకుండా, అచ్చువాడి పేరు, గుడ్డ, తారీఖు చీటీ మీద రాసి పిన్నుతో గుచ్చి అలమారులో పెట్టుకోవాలి. మూడు నెలల తరువాత ఎవరైనా "మీ చొక్కా అచ్చు వూడిపోయింది" అని ఫోటో పంపితే, వాదనకి దిగకుండా, ఆ దాచినది తీసి ఆ సాయంత్రమే నీళ్ళలో వేయండి.